రాసేది అలా, పలికేది లార్టర్

మా ఊరి పేరును రాసినట్టు పలికినవాణ్ణి మా ఊరివాళ్ళు మనిషి కింద లెక్కవేయరు. రాసేది గుత్‌హెల్మ్‌స్టన్‌హామ్. పలికేది గట్సమ్. మధ్యలో ఉన్న అక్షరాలన్నీ ఏమయ్యాయని అడిగితే, "ఎప్పుడూ అంతే కదండీ" అంటారు, అదేదో పుణ్యకార్యం చేసినట్టు మొహం పెట్టి. ఇంగ్లండులో మా దగ్గరి పట్నం నారిచ్ నుంచి వచ్చే బస్సులో కొత్తవాడెవడైనా బోర్డు చూసి పేరు మొత్తం చదివి టికెట్ అడిగాడా, డ్రైవరు ఒక్క క్షణం ఆగి, వెనక కూర్చున్నవాళ్ళకు వినబడేలా "ఓహో, గట్సమా!" అంటాడు. బస్సంతా ముసిముసిగా నవ్వుతుంది. తీరా ఊరు చూడబోతే ఒక చర్చి, ఒక పబ్బు, ఒక వేయించిన చేపల దుకాణం, మిగతాదంతా చక్కెరదుంపల పొలాల బురద. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను. మా ఆయన ఇక్కడికి డాక్టరుగా వచ్చారు, ఇక్కడే పోయారు. మా ఇంటిపేరు ముక్కామల. ఉన్న అక్షరాలన్నీ పలకాల్సిన పేరు కనుక వీళ్ళకు కష్టమనిపించి, 'మిసెస్ ఎమ్' అని కత్తిరించారు. కోళ్ళ ఫ్యాక్టరీలో పనికి పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్ళకు మంగళవారం సాయంత్రాలు చర్చి హాల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని.

చెప్పడమంటే ఏముంది, ఇంగ్లీషు తరఫున క్షమాపణలు చెప్పడం. ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలు పక్కపక్కన కూర్చున్నాయనుకోండి. దగ్గు దగ్గర అది 'కాఫ్' అవుతుంది. నాగలి దగ్గరికొచ్చేసరికి 'ప్లౌ' అవుతుంది. పిండి ముద్ద అయితే 'డో', గట్టి మనిషి అయితే 'టఫ్'. ఎందుకు? ఎందుకూ లేదు. నియమం చెప్పండని పెద్దవాళ్ళు, పిల్లల తల్లులు, రోజంతా కోళ్ళు కోసి చేతులు వాచినవాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. నియమం లేదని చెప్పడానికి నాకే సిగ్గేసేది. ఇంత గజిబిజి భాషను నెత్తిన పెట్టుకుని, అది రానివాణ్ణి చూసి నవ్వేవాళ్ళ మీద నాకు ఆ క్లాసులోనే మొదటిసారి అసహ్యం పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

ఆ క్లాసులో బొజెనా ఉండేది. పోలండ్ పిల్ల. బొజెనా శ్చెపాన్యక్. పొట్టిగా, చురుగ్గా ఉండేది. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు తల ఊపే అలవాటు బొత్తిగా లేదు.

"టీచర్, ఈ 'కె' ఎందుకు?" అంది ఒకసారి, బోర్డు మీద నేను రాసిన 'నైఫ్' అనే మాట చూపించి.

"దాన్ని పలకరమ్మా. ఊరికే రాస్తారు."

"పలకనిదాన్ని రాయడమెందుకు? వచ్చి కూర్చుంటుంది, పనేమీ చెయ్యదు. మా ఫ్యాక్టరీలో అయితే మొదటి రోజే పొమ్మంటారు."

వెనక కుర్చీలోంచి రాబిన్ లార్టర్ నవ్వాడు. "నువ్వు మా ఊరి కమిటీని చూళ్ళేదు బొజెనా. మొత్తం 'కె'లే."

రాబిన్ మా ఊరివాడే, ఎలక్ట్రీషియన్. హాల్లో దీపాలు బాగుచెయ్యడానికి వచ్చి, ఆ పిల్లను చూసి, ప్రతి మంగళవారం ఏదో ఒక దీపం చెడిపోయిందని వచ్చేవాడు. చివరికి సాకు మానేసి కూర్చోవడం మొదలుపెట్టాడు. బొజెనా అతనికి తన ఇంటిపేరు నేర్పింది. చూడటానికి అది ఎస్, జెడ్, సి, జెడ్ అని ముళ్ళకంపలా ఉంటుంది. "ఎస్-జెడ్ కలిస్తే శ్. సి-జెడ్ కలిస్తే చ్. అంతే. సోమవారమూ అంతే, ఆదివారమూ అంతే. మా అక్షరాలకు మాట మీద నిలబడటం తెలుసు," అనేది. ఆశ్చర్యం అన్నప్పుడు వచ్చే 'శ్చ' అది. రాబిన్ ఫ్యూజులు బిగిస్తూ 'శ్చె, శ్చె' అని సాధన చెయ్యడం నేనే విన్నాను.

పెళ్ళప్పుడు ఆ పిల్లాడు చేసిన పని ఊరు ఊరంతా చెప్పుకుంది. తన పేరుకు అడ్డగీత పెట్టి, భార్య ఇంటిపేరు కలుపుకుని, రాబిన్ లార్టర్-శ్చెపాన్యక్ అయ్యాడు. వాళ్ళమ్మ మోరీన్ లార్టర్ చేపల దుకాణంలో పనిచేస్తుంది. కౌంటరు మీదే కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"మావాడి పేరుకి తోక తగిలించారు మిసెస్ ఎమ్. అందులో అన్నీ జెడ్‌లే. కవరు మీద పట్టి చావదు."

"మిసెస్ ట్రాటన్-బేకి లేదూ తోక?" అన్నాను.

"ఆవిడ తోక వెనకాల మూడొందల ఎకరాలున్నాయి. మా కోడలి తోక వెనకాల సరైన సూట్‌కేసు కూడా లేదు. ఉప్పూ వెనిగరూ వెయ్యనా?"

మిసెస్ ట్రాటన్-బే అంటే ఊరికి పెద్దదిక్కు. రాసేటప్పుడు ఆ పేరు థ్రక్‌లీఘ్టన్-బేఘ్. ఇద్దరు భూస్వాముల ఇళ్ళు వియ్యమంది, ఏ పొలమూ వదులుకోలేక రెండు పేర్లూ ఉంచుకుని మధ్యలో గీత పెట్టుకున్నారు. అక్షరాలను మాత్రం సగానికి పైగా మింగేశారు. ఆవిడ గడప తొక్కి ఆ పేరును రాసినట్టు పలికినవాడు రెండోసారి ఆ గడప తొక్కలేదు. డెబ్భై దాటినా వెన్ను వంగలేదు. గొంతు మాత్రం, దేవుడితో మాట్లాడుతున్నా సరే, ఆయన ఇంకాస్త దగ్గరికి రావాలన్నట్టు ఉంటుంది.

రాబిన్ సైన్యంలో చేరాడు. కూతురు పుట్టింది, జోషా అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లకు నాలుగేళ్ళు నిండకుండానే అఫ్గానిస్తాన్‌లో రోడ్డు కింద పాతిన బాంబు పేలి రాబిన్ పోయాడు. ఇంతకంటే దాని గురించి చెప్పలేను. వాడు నా క్లాసులో కూర్చున్నవాడు.

మా చర్చి ముందు ఒక రాతి స్తంభం ఉంది. యుద్ధాల్లో పోయిన ఊరివాళ్ళ పేర్లు దాని మీద ఉంటాయి. రాబిన్ పేరు కూడా అక్కడ చేరింది. సైన్యం పంపిన పేరును చెక్కేవాడు ఒక్కో అక్షరమే చూసుకుంటూ చెక్కేసి పోయాడు. అడ్డగీతతో సహా పూర్తిగా పడింది. కమిటీవాళ్ళకు అది మింగుడుపడలేదు, కానీ సైన్యం మాటకు ఎదురు చెప్పేంత ధైర్యం ఎవరికుంది?

అయితే రాయడంతో పని అయిపోదు. నవంబరులో ఒక ఆదివారం ఊరంతా అక్కడ చేరుతుంది. ట్రాటన్-బేల ఇంటివాళ్ళు ఒకరు ఆ పేర్లు పైకి చదువుతారు. ఇది మిసెస్ ట్రాటన్-బే మామగారి కాలం నుంచీ వాళ్ళ హక్కు. ఒక పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు ఒకరు ముందుకొచ్చి, స్తంభం కింద మట్టిలో చిన్న చెక్క శిలువ గుచ్చి వెనక్కి వెళ్ళాలి. వంశం అంతరించినవాళ్ళకు పాస్టరు గుచ్చుతాడు. శిలువ గుచ్చేదాకా తరవాతి పేరు చదవకూడదు. ఆ ఇంటివాళ్ళు మోకాళ్ళ నొప్పితో ఎంతసేపు నడిచినా సరే, ఊరంతా నిలబడి చూడాల్సిందే. గట్సమ్‌లో నాకు గౌరవమున్న పద్ధతి ఇదొక్కటే.

అక్టోబరులో కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు మిసెస్ ట్రాటన్-బే. పాస్టరు ఉన్నాడు. పబ్బు నడిపే పెగ్ ఉన్నాడు, ఆవిడ ఏమంటే అది అనడం అతని పని. హాలు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కనుక నేనూ ఉన్నాను. బొజెనా వచ్చి, భర్త పేరు పూర్తిగా చదవాలని అడిగింది.

"చూడమ్మా బొజీనా, మేమందరం నీవాళ్ళమే," అని మొదలుపెట్టింది మిసెస్ ట్రాటన్-బే. ఇక్కడివాళ్ళు అలా మొదలుపెట్టారంటే అడిగింది దక్కదని అర్థం. "రాయి మీద పేరు ఎంత అందంగా కుదిరిందో! మేమెవ్వరం కాదన్లేదు కదా. కానీ ఈ ఊళ్ళో రాసేది ఒకటీ, పలికేది ఒకటీ. అది మా పద్ధతి. ఊరి పేరు చూడు, మా ఇంటిపేరు చూడు. ఇదీ అంతే. రాసేది అలా, పలికేది లార్టర్ అని. ఇలా అయితే నీ పేరు కూడా మా ఊరి పేరైపోయినట్టే!"

"భలే చెప్పారు మేడమ్!" అని పెగ్ బల్ల చరిచాడు. పాస్టరు బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు.

బొజెనా మిసెస్ ట్రాటన్-బే వైపు తిరిగింది. "మీ పేరులో అక్షరాలు మీరే మింగారు మేడమ్. నా పేరులోవి కూడా మీరే మింగుతానంటున్నారు. రెండూ ఒకటి కాదు."

పాస్టరు ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు.

"జోషా ఈ ఏడే బళ్ళో చేరింది," అంది బొజెనా. "రోజూ టీచరు పూర్తి పేరు పిలుస్తుంది. అదే తన పేరని, అదే వాళ్ళ నాన్న పేరని దానికి తెలుసు. నాన్న గురించి దాని దగ్గరున్నది అదొక్కటే, మొహం కూడా మర్చిపోతోంది. అందరి ముందూ మీరు ఇంకో పేరు చదివితే అది వాళ్ళ నాన్న కాదనుకుంటుంది. నేనేం చెప్పను?"

"అయ్యో తల్లీ!" అంది మిసెస్ ట్రాటన్-బే. "అసలు సంగతి, నాకు నోరు తిరగదమ్మా. తప్పుగా పలికి ఆ పిల్లాడికి అవమానం చెయ్యడం కంటే..."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. చిన్నప్పటి నుంచీ ఫ్రెంచి దంచి, నోట్లో సగం అక్షరాలు దాచుకుని మాట్లాడే మనిషికి ఒక్క 'శ్చ' దగ్గర నోరు తిరగదట! నాకు ఒళ్ళు మండింది.

"నేను నేర్పుతాను," అన్నాను. "నా పనే అది. పలకడం రానివాళ్ళకు నేర్పుతాను."

"ఎంత చక్కటి ఆలోచన!" అందావిడ. ఇక్కడి పెద్దింటివాళ్ళ భాషలో ఆ మాటకు 'నిన్ను నూతిలో తోయాలి' అని అర్థం. కానీ నలుగురి ముందు 'వద్దు' అనే మాట వాళ్ళ నోట రాదు. అది వచ్చేంత నిజాయితీ ఉంటే ఇంత కథ జరిగేదే కాదు.

ఆవిడ ఇంటికి వెళ్ళాను. గది నిండా తాతల బొమ్మలు, తడి కుక్క వాసన. చలికి నా పళ్ళే టకటకలాడుతున్నాయి, ఇంకా ఆవిడకు నేర్పడం!

"ఫ్రెష్ చీజ్ అని గబగబా అనండి," అన్నాను. "రెండు మాటల మధ్య వస్తుంది చూడండి, శ్చ్ అని. అది చాలు."

"ఒక సైనికుడి పేరును జున్నుముక్కతో మొదలుపెట్టమంటారా?"

"ముక్క వదిలెయ్యండి, శబ్దం ఉంచుకోండి."

"ఫ్రెష్ చీజ్. ఫ్రెశ్చీజ్. శ్చీ." చీజ్ మాట వినగానే కుక్క లేచి తోక ఊపుతూ వచ్చింది. ఆవిడ దాన్ని కసిరింది, నన్ను కసరలేక. మొదటి రోజు 'జెపానియాక్' దాకా వచ్చింది, జపాన్ దేశం పేరులా ఉందని తనే విసుక్కుంది. రెండో రోజు 'శెపానిక్' అంది. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, టీ పోస్తూ, నేను అడగకుండానే అనేసింది. లార్టర్-శ్చెపాన్యక్. ఎక్కడా తొణకలేదు. ఆవిడ మొహంలో పరీక్ష పాసైన పిల్లకుండే వెలుగు కూడా చూశాను. మనిషన్నాక ఎక్కడో మంచి ఉంటుందిలే అనుకున్నాను. వెళ్ళి బొజెనాకు చెప్పాను. బొజెనా జోషాకు చెప్పింది.

దారిలో చేపల దుకాణం ముందు ఆగాను. "పూర్తి పేరు చదువుతారట మోరీన్," అన్నాను.

"నన్నేం అడక్కండి. నాకు లార్టర్ చాలు," అంది, చేపను కాగితంలో చుడుతూ, తల ఎత్తకుండా.

ఆ ఆదివారం సన్నగా తుంపర. ఊరంతా నల్లకోట్లు, వాటి మీద యుద్ధాల్లో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఎర్ర కాగితం పువ్వులు. మిసెస్ ట్రాటన్-బే స్తంభం పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టింది. పాత యుద్ధం పేర్లు చాలానే ఉన్నాయి, అందులో లార్టర్లూ ఉన్నారు. వాళ్ళందరికీ మోరీనే వెళ్ళి శిలువలు గుచ్చి వచ్చింది. వెళ్ళొచ్చిన ప్రతిసారీ కోడలికి కాస్త దూరంగానే నిలబడింది. రాబిన్ పేరు అన్నిటికంటే కింద ఉంది. దాని తరవాత సైనికుల బాకా, ఆ బ్యూగిల్, ఊదడమే.

బొజెనా తన శిలువ తీసి జోషా చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఒక కాలు ముందుకు పెట్టి సిద్ధంగా నిలబడింది.

మిసెస్ ట్రాటన్-బే రాయి వైపు చూసింది. నా వైపు చూడలేదు. చిన్నగా దగ్గింది.

"రాబిన్ లార్టర్."

జోషా కాలు వెనక్కి తీసుకుంది. తల్లి మొహంలోకి చూసి, ఇంకా తమ వంతు రాలేదనుకుని, శిలువను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. ఆ పిల్ల కదలలేదు. బొజెనా కదలమనలేదు.

నా మాట మీదే ఆ పిల్లకు చెప్పారు, చదువుతారని. ఆ ముసలావిడ గొంతు పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

ఊరు నిలబడి ఉంది. మా ఊరివాళ్ళు తుపాకులకు భయపడలేదని ఆ రాయే చెబుతుంది కానీ, నలుగురిలో ఇబ్బందికి మాత్రం చచ్చేంత భయపడతారు. పెగ్ బూట్లు చూసుకుంటున్నాడు. బ్యూగిల్ ఊదే మనిషి దాన్ని పెదాల దాకా ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. శిలువ పడనిదే ఊదకూడదు.

"రాబిన్ లార్టర్," అంది మిసెస్ ట్రాటన్-బే మళ్ళీ, పనివాళ్ళను పిలిచే గొంతుతో. మోరీన్ వైపు చూసి, రమ్మన్నట్టు తల ఆడించింది. లార్టర్ మనిషి అక్కడే ఉంది కదా, వచ్చి గుచ్చితే పోతుంది. పాస్టరు కూడా మోరీన్ వైపే చూశాడు, బతిమాలుతున్నట్టు. చివరికి తనే గుచ్చుదామని ఒక అడుగు వేశాడు.

"మీరక్కడే ఉండండి," అంది మోరీన్.

అంత గట్టిగా ఆ చోట ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. దుకాణంలో వరుసలో చివరి మనిషికి వినబడేలా అరిచే గొంతు అది.

"ఆ పేరుగల కొడుకు నాకు లేడు మేడమ్. రాయి మీద ఉన్నది చదవండి."

"మిసెస్ లార్టర్, ఇది సమయం కాదు..."

"ఆ పేరు నాకూ నచ్చదు. మీకంటే నాకే ఎక్కువ నచ్చదు. వాడితో ఎన్నాళ్ళు పోట్లాడానో ఊరందరికీ తెలుసు. కానీ వాడు ఇష్టపడి పెట్టుకున్నాడు, దాంతోనే పోయాడు. ఇప్పుడు దాన్ని కోసెయ్యడానికి మీరెవరు? చదవండి. వానలో తడుస్తోంది పిల్ల."

మిసెస్ ట్రాటన్-బే మొహం మీద రంగు వచ్చింది, పోయింది. మింగలేక కక్కలేక నిలబడింది. తరవాత గడ్డం పైకెత్తింది.

"రాబిన్ లార్టర్-శ్చెపాన్యక్."

ఒక్క అక్షరం జారలేదు. శ్ అనాల్సిన చోట శ్, చ్ అనాల్సిన చోట చ్. నేను నేర్పినదానికంటే బాగా పలికింది. సంతోషించాల్సిందే. కానీ అంత శుభ్రంగా వచ్చినందుకే నాకు మరీ మండింది. తప్పుగా పలికి ఉంటే, పోనీ పాపం నోరు తిరగలేదని క్షమించేదాన్ని. నోరు ఎప్పుడో తిరిగింది. తిరగనిది మనసు.

జోషా నడిచింది. మట్టి మెత్తగా ఉంది, శిలువ ఒక్కసారికే దిగింది. వెనక్కి వస్తుంటే మోరీన్ కోటు విప్పి ఆ పిల్లను లోపలికి లాక్కుంది. బొజెనా పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చింది. బ్యూగిల్ మోగింది.

తరవాత అందరం హాల్లో చేరాం. టీ, ఫ్రూట్‌కేకు, జరిగినదాని గురించి ఒక్క మాటైనా ఎవరూ అనకుండా వాతావరణం గురించి కబుర్లు. మిసెస్ ట్రాటన్-బే కప్పు పట్టుకుని తిన్నగా మా బల్ల దగ్గరికి వచ్చింది. క్షమించమని అడుగుతుందేమోనని పిచ్చిదాన్ని ఆశపడ్డాను.

"ఎలా పలికాను బొజీనా?" అంది నవ్వుతూ. "అంత కష్టమైన పేరు! నాకైతే ఫరవాలేదనిపించింది. మీ టీచరమ్మ కూడా మెచ్చుకోవాలి."

నేను నోరు తెరవబోయాను. బొజెనా బల్ల కింద నా చెయ్యి నొక్కింది. కేకు ముక్క పళ్ళెంలో పెట్టి, క్లాసులో నేను వాళ్ళ పుస్తకాలు దిద్దేటప్పుడు మాట్లాడే గొంతుతో, తాపీగా అంది:

"బాగా పలికారు మేడమ్. వచ్చే ఏడు మొదటిసారే పలకండి."